ఎఱిగియు అడ్డగింపని తండ్రి: షిలోహు యాజకుడు ఏలీ

పాత నిబంధన గ్రంథమున దుష్టులైన రాజులకును, అబద్ధమాడు ప్రవక్తలకును, రక్తపాతమునకు వెనుదీయని సేనానులకును కొదువ లేదు. వారి కథలు చదువునప్పుడు ఆ పాపములు మనవి కావని తలంచి, నిశ్చింతగా పుట త్రిప్పి ముందునకు సాగిపోవుదుము. కాని సమూయేలు మొదటి గ్రంథపు తొలి నాలుగు అధ్యాయములలో కనబడు ఏలీ అను వృద్ధయాజకుడు అంత సులభముగా మనలను విడిచిపెట్టువాడు కాడు. ఆయన క్రూరుడు కాడు, దైవద్రోహి కాడు. కన్నీళ్లతో వచ్చిన స్త్రీని దీవించినవాడు, పరాయి బిడ్డను చేరదీసి దైవసేవకు తీర్చినవాడు, తన వంశమునకు నాశనము తప్పదని విన్నప్పుడు సైతము ఆ వార్త తెచ్చిన బాలునిపై కోపింపనివాడు. ఇట్టి సజ్జనుని కాలముననే షిలోహు ఆలయము భ్రష్టమై, దేవుని సన్నిధికి గుర్తైన నిబంధన మందసము శత్రువుల చేత చిక్కి, ఆయన ఇద్దఱు కుమారులు ఒక్క దినమున హతులైరి. సజ్జనుడైన పెద్ద యేలుబడిలో ఒక పవిత్రస్థానము ఇట్లు చెడిపోవుటకు కారణమేమి యను ప్రశ్నయే ఈ కథకు ప్రాణము.

హోసూరు, కృష్ణగిరి ప్రాంతమున ఈ కథను తలంచుకొనుటకు మనకు ప్రత్యేకమైన కారణము కలదు. బాగలూరు, బేరికె, కెలమంగలము, డెంకణికోట, శూలగిరి మొదలగు ఊళ్లలో తెలుగు మాటాడు కుటుంబములు తమిళ కన్నడ కుటుంబముల సరసనే తరతరములుగా జీవించుచున్నవి. ఎలత్తగిరి వంటి గ్రామములలో క్రైస్తవ సమాజములు వేళ్లూని యున్నవి. 1930లో ఏర్పడిన సేలము కతోలిక మేత్రాసనమునుండి 1997లో ధర్మపురి మేత్రాసనము వేఱుపడగా ఈ సీమ దాని పరిధిలోనికి వచ్చినది. మతమేదైనను, భాష యేదైనను, ఈ నేలమీద దేవుని సన్నిధిలో చేయు కొలువును, ఊరి పెద్దఱికమును తండ్రినుండి కుమారునకు సంక్రమించుట మన తాతలు చూచి పెరిగిన రీతి. పదవి యొక కుటుంబపు సొత్తుగా మారినప్పుడు తండ్రి ప్రేమకును పెద్ద ధర్మమునకును నడుమ పుట్టు సంఘర్షణ ఎంత భయంకరమో ఏలీ చరిత్ర చెప్పినంత స్పష్టముగా చెప్పు కథలు లోకమున అరుదు.

ద్వారబంధము చెంత వృద్ధుడు

షిలోహు ఎఫ్రాయిము కొండసీమలోని ఊరు. యెరూషలేమునకు ఉత్తరముగా సుమారు 30 కిలోమీటర్ల దూరమున నున్నది. యెహోషువ కాలమున ఆరాధనాస్థలమైన ప్రత్యక్షపు గుడారమును అచ్చట నిలిపిరి. ఇశ్రాయేలీయులకు అప్పటికి రాజు లేడు. గోత్రములు దేనికది వేఱుగా బ్రదుకుచుండగా, సంవత్సరమున కొకతూరి కుటుంబసమేతముగా షిలోహునకు పోయి బలి యర్పించి వచ్చుటయే వారినందఱిని ఒక జనముగా నిలిపిన బంధము. అట్టి స్థలమునకు ఏలీ యాజకుడు మాత్రమే కాడు, న్యాయాధిపతి కూడను. హీబ్రూ మూలము ఆయన 40 సంవత్సరములు న్యాయము తీర్చెనని చెప్పుచున్నది. ప్రాచీన గ్రీకు అనువాదమున ఆ సంఖ్య 20గా నున్నది. సంఖ్య యేదైనను, దేవుని సన్నిధిలోని అధికారమును జనుల వ్యాజ్యములపై అధికారమును ఆ ఒక్క చేతిలోనే కూడి యుండెననుట నిర్వివాదము. ఆయన మాటను కాదను రాజు లేడు, తీర్పును త్రోసిపుచ్చు సభ లేదు. ఈ సంగతిని పాఠకుడు గుర్తుంచుకొనవలెను. ఏలనగా ఏలీ అశక్తుడగుట వలన తప్పిపోయెనని చెప్పుటకు వీలులేదు.

గ్రంథము ఆయనను మొదట చూపునప్పుడు ఆయన మందిరపు ద్వారబంధము దగ్గర ఆసనముపై కూర్చుండి యుండెను. ఎల్కానా భార్యయైన హన్నా సంతానము లేక, సవతియైన పెనిన్నా దెప్పిపొడుపులు భరింపలేక, అన్నము ముట్టక, పెదవులు మాత్రము కదలగా స్వరము బయటికి రాకుండ ప్రార్థించుచుండెను. ఏలీ ఆమె నోటివైపు చూచి, మద్యము త్రాగి వచ్చినదని తలంచి, ఎంతకాలము ఈ మత్తు అని గద్దించెను. ఆమె వినయముతో, కాని తడబడక, తాను త్రాగినది ఏమియు లేదనియు, మనోదుఃఖమును దేవుని యెదుట క్రుమ్మరించుచున్నాననియు ఉత్తరము చెప్పగా, ఆయన వెంటనే తన మాటను మార్చుకొని ఆమెను దీవించి పంపెను. పొరపాటు తెలిసిన వెంటనే దిద్దుకొనగల నమ్రత ఆయనకు కలదు. ఇది ఆయన గుణము. అయినను, దూరమునుండి వచ్చిన స్త్రీ విషయమున, కంటికి కనబడిన అణుమాత్రపు అనుమానముపైననే, విచారింపకయే తీవ్రముగా పలికిన నోరు, లోకమంతయు చాటుచున్న సొంత బిడ్డల దోషముల విషయమున అదే తీవ్రతను చూపెనా అను ప్రశ్నను గ్రంథకర్త ఇచ్చటనే, తొలి యధ్యాయముననే, మన మనస్సున నాటినాడు.

మూడు ముండ్ల కొంకి

ఏలీ కుమారులు హొఫ్నీ, ఫీనెహాసు. ఇద్దఱును యాజకులు; ఇద్దఱును దేవుని నెఱుగనివారని గ్రంథము నిర్మొగమాటముగా చెప్పుచున్నది. యాజకులకు బలిలో భాగము లేదని కాదు. మోషే ధర్మశాస్త్రమే దానిని నిర్ణయించినది. సమాధానబలి యర్పించినప్పుడు క్రొవ్వును ముందుగా బలిపీఠముపై దేవునికి దహింపవలెను. పిమ్మట జంతువుయొక్క బోరయు కుడి జబ్బయు యాజకునకు చెందును. మిగిలినదానిని అర్పించిన కుటుంబము భుజించును. దేవునికి మొదటిది, సేవకునకు నిర్ణీతమైనది, భక్తునకు మిగిలినది, ఇది ఆ విందుయొక్క ధర్మము. భక్తుడు సేవకుని పోషింపవలెననియు, సేవకుడు భక్తుని దోచుకొనరాదనియు ఏక కాలమున చెప్పు ధర్మమిది.

హొఫ్నీ ఫీనెహాసులు ఈ ధర్మమును రెండు విధముల చెఱచిరి. మాంసము ఉడుకుచుండగా వారి పనివాడు మూడు ముండ్ల కొంకి పట్టుకొని వచ్చి, కుండలోనో తపేలలోనో గ్రుచ్చి, దానికి చిక్కినదంతయు యాజకుని పాలని తీసికొనిపోవుచుండెను. కొలత పోయి కొంకి ధర్మశాస్త్రమైనది. పిమ్మట అదియు చాలక, క్రొవ్వు దహింపకమునుపే వచ్చి, ఉడికిన మాంసము యాజకుడు ఒల్లడు, కాల్చుకొనుటకు పచ్చిమాంసమే ఇమ్మని అడుగుచుండెను. అప్పుడు ఆ పల్లెటూరి భక్తుడు, ముందు క్రొవ్వు దేవునికి దహింపనిండు, పిదప మీకు కావలసినంత తీసికొనుడని వేడుకొనెను. తనకు నష్టమగుచున్నదని అతడు వాదింపలేదు. దేవుని భాగమును కాపాడుటకు వాదించెను. ఆ షిలోహులో ధర్మశాస్త్రము నెఱిగినవాడు చేను దున్ని మేకను తోలుకొని వచ్చినవాడే. యాజకవస్త్రమైన ఏఫోదు ధరించినవాడు కాడు. పనివాని ఉత్తరము మాత్రము ఒక్కటియే: ఇప్పుడే ఇమ్ము, లేదా బలాత్కారముగా తీసికొందును. ఫలితముగా జనులు దేవునికి అర్పించు నైవేద్యమునే అసహ్యించుకొనసాగిరి. ఆలయపు పెద్ద చేయు దోషములలో మిక్కిలి ఘోరమైనది ఇదియే. అతడు తానొక్కడే దేవునికి దూరమగుటతో ఆగడు, దేవుని వెదకి వచ్చినవారిని గుమ్మమునుండియే వెనుకకు త్రిప్పును.

రెండవ అపరాధము ఇంతకంటె దారుణము. ప్రత్యక్షపు గుడారపు ద్వారము దగ్గర సేవ చేయు స్త్రీలతో ఆ ఇద్దఱును వ్యభిచరించిరి. ఆ స్త్రీల పేర్లు గ్రంథమున లేవు, వారి మాట ఒక్కటియు మన చెవిని పడదు. కాని యాజకుని కుమారుడు, తానును యాజకుడే యైనవాడు, ఆలయసేవపై జీవించు స్త్రీని కోరినప్పుడు ఆమె కాదనుటకు ఎంత చోటుండునో ఊహించుట కష్టము కాదు. పవిత్రస్థానపు గౌరవమే వారికి ఉచ్చుగా మారినది. ఏలీ కథను తండ్రి దుఃఖముగా మాత్రమే చదువువారు ఈ స్త్రీలను మఱచిపోవుదురు, మఱచిపోరాదు.

గద్దింపు చాలునా?

ఏలీకి ఇదంతయు తెలియదా? తెలియును. జనులందఱి నోట వినుచున్నానని ఆయనయే కుమారులతో అనెను. మందలించెను కూడను, మనుష్యుడు మనుష్యునికి అపరాధము చేసినచో తీర్పు తీర్చువాడు కలడు గాని, దేవునికే అపరాధము చేసినవాని పక్షమున ఎవడు విజ్ఞాపన చేయగలడని ప్రశ్నించెను. వేదాంతమునకు ఇందు లోపము లేదు. మాట సత్యమే, దుఃఖము సత్యమే. అయినను ఆ మాట పలికినవాడు కేవలము తండ్రి కాడు. దేశమునకు న్యాయాధిపతి, ఆలయమునకు ప్రధానయాజకుడు. ఒక సామాన్య గృహస్థుడు పెడదారి పట్టిన ప్రాప్తవయస్కుడైన కుమారునకు హితము చెప్పి, అతడు వినకున్నచో కన్నీరు విడుచుటకంటె ఏమి చేయగలడు? కాని ఏలీ చేతిలో మందలింపునకు మించినది కలదు. కొంకిని లాగివేయవచ్చును, ఏఫోదును విప్పించి బలిపీఠమునకు దూరముగా నిలుపవచ్చును, బాధితులను పిలిచి, అందఱి యెదుట విచారించి, తీర్పు చెప్పవచ్చును. ఆయన తండ్రిగా మాటాడి, న్యాయాధిపతిగా మౌనము వహించెను. అపరాధులకు మందలింపు, భక్తులకు దోపిడి, స్త్రీలకు అవమానము. ఇది ఆయన తీర్చిన తీర్పు.

అందుచేతనే పేరు తెలియని దైవజనుడొకడు వచ్చి ఏలీకి చెప్పిన మందలింపు అంత కఠినముగా నున్నది. నీ కుమారులను నాకంటె గొప్ప చేసితివి అనునది దాని సారము. జనులు తెచ్చిన నైవేద్యములలో శ్రేష్ఠమైన భాగములచేత మీరు క్రొవ్వితిరి అనునది దానికి తోడైన ఆరోపణ. ఇచ్చట కుమారులతోపాటు తండ్రియు చేర్పబడియున్నాడు. ఆయన తన చేత కొంకి పట్టలేదు. కాని ఆ కొంకి తెచ్చిన మాంసము ఆ ఇంటి పంక్తికే వచ్చినది. ఇంటిలోనివారి అన్యాయపు రాబడిని అనుభవించుచు దానిని నోటితో ఖండించు పెద్ద, తన ఖండనమునకు బలమును తానే హరించుకొనుచున్నాడు.

మన పురాణేతిహాసములు ఎఱిగిన పాఠకునకు ఈ ఘట్టమున ధృతరాష్ట్రుడు స్ఫురింపక మానడు. ఆయనకును చూపు లేదు, ఏలీకిని వార్ధక్యమున చూపు మందగించినది. ఇద్దఱికిని హితము చెప్పువారు కలరు, ఇద్దఱును ఆ హితమును వినిరి, తలయూచిరి, దుఃఖించిరి. ఇద్దఱును చేయవలసినది చేయలేదు. వీరికి ఎదురుగా నిలుపదగినవాడు రామాయణమున బాలకాండలో కనబడు సగర చక్రవర్తి. ఆయన జ్యేష్ఠపుత్రుడైన అసమంజుడు పురజనుల పసిబిడ్డలను సరయూనదిలో పడద్రోసి, వారు మునుగుచుండగా నవ్వుచుండెడివాడు. సగరుడు అతనిని రాజ్యమునుండి వెడలగొట్టెను. దీనివలన సగర వంశము నశించెనా? లేదు, అసమంజుని కుమారుడు అంశుమంతుడు సద్గుణవంతుడై తాతను సేవించెను, ఆ వంశముననే గంగను భువికి దింపిన భగీరథుడు జన్మించెను. కొడుకులను కాపాడుకొనజూచిన ధృతరాష్ట్రుడు నూర్గురను పోగొట్టుకొనెను, ఏలీ ఇద్దఱిని పోగొట్టుకొనెను. కొడుకును దండించిన సగరుని వంశము నిలిచెను. ధర్మమును కుటుంబముకంటె మిన్నగా పెట్టుట కుటుంబమునకు ద్రోహమనుకొనువారు ఈ మూడు కథలను ఒకచోట పెట్టి చూడవలెను.

పరాయి బిడ్డకు గురువు

ఏలీ చరిత్రలో మిక్కిలి హృదయంగమమైన భాగము సమూయేలు బాల్యము. ఏలీ దీవెన ఫలించి హన్నాకు సమూయేలు పుట్టగా, ఆమె తన మ్రొక్కుబడి చొప్పున పాలు మఱచిన ఆ బిడ్డను తెచ్చి ఆలయమున విడిచెను. ఏటేట చిన్న అంగీ కుట్టి తెచ్చి యిచ్చుచుండెను. నారతో నేసిన ఏఫోదు ధరించి పరిచర్య చేయుచున్న ఆ బాలుడు, దైవవాక్కు అరుదైపోయిన ఆ దినములలో, ఒక రాత్రి తన పేరు పిలువబడగా విని, ఏలీయే పిలిచెనని మూడుమాఱులు ఆయన యొద్దకు పరుగెత్తెను. మూడవ మాఱు వృద్ధుడు సంగతి గ్రహించెను: పిలుచువాడు తాను కాడు, దేవుడు. తనను విడిచి ఒక పసివానితో దేవుడు మాటాడబోవుచున్నాడని తెలిసియు ఆయన అసూయపడలేదు. ఎట్లు ఉత్తరమియ్యవలెనో నేర్పి పంపెను. తెల్లవాఱిన పిదప, బాలుడు భయపడి దాచబోగా, ఒక్క మాటయు దాచవద్దని ఆనపెట్టి అడిగి, తన యింటిపై శాశ్వతమైన తీర్పు వెలువడినదని విని, ఆయన ప్రభువు, తనకు అనుకూలమైనట్లు చేయునుగాక యని శిరసు వంచెను.

ఈ శిరసు వంచుటను భక్తిగా ప్రశంసించినవారు కలరు. అందు భక్తి లేకపోలేదు. కాని ఆ దైవవాక్కులోని నేరారోపణను మరల చదువవలెను: తన కుమారులు తమ్మును తాము శాపగ్రస్తులుగా చేసికొనుచున్నారని ఎఱిగియు అతడు వారిని అడ్డగింపలేదు. ఎఱుగకపోవుట కాదు, ఎఱిగియు అడ్డగింపకపోవుట దోషమైనది. అట్టి దోషమునకు తగిన ఉత్తరము శిరసు వంచుట కాదు, లేచి నిలుచుట. నీనెవె పట్టణపు రాజు యోనా ప్రవక్త ప్రకటించిన నాశనవార్త విని, సింహాసనము దిగి, గోనె కట్టుకొని, తన ప్రజలను చెడునడతనుండి మరలుడని ఆజ్ఞాపించెను. ఆ పట్టణము బ్రదికెను. ఏలీకి రెండు హెచ్చరికలు వచ్చినవి, రెండింటికిని నడుమ కాలము గడచినది, మొదటిది విన్న తరువాతను హొఫ్నీ ఫీనెహాసులు యాజకులుగానే యుండిరి, రెండవది విన్న తరువాతను యాజకులుగానే యుండిరి. విధికి తలయొగ్గుట కర్తవ్యమునుండి తప్పించుకొను మార్గముగా మారినప్పుడు భక్తియే ఒక ముసుగగును.

ఇంకొక సంగతి ఆలోచింపదగినది. సమూయేలును ఇంత చక్కగా తీర్చినవాడు హొఫ్నీ ఫీనెహాసులను ఏల తీర్చలేకపోయెను? వారి బాల్యమును గూర్చి గ్రంథము ఏమియు చెప్పదు. కాని ఒక్క భేదము కన్నులకు కట్టును: సమూయేలు ఆలయమునకు అర్పింపబడి వచ్చినవాడు, ఆ కుమారులు ఆలయము తమదనుకొని పుట్టినవారు. ఒకనికి సేవ మ్రొక్కుబడి, మఱి యిద్దఱికి అది పిత్రార్జితము.

ఆఫెకు రణరంగము

తుదకు శత్రువులైన ఫిలిష్తీయులు ఆఫెకులో దిగిరి, ఇశ్రాయేలీయులు ఎబెనెజరులో దిగిరి. తొలి పోరున ఇశ్రాయేలీయులు సుమారు 4,000 మంది కూలిరి. పెద్దలు కారణము విచారించుకొనుటకు మాఱుగా షిలోహునుండి నిబంధన మందసమును తెప్పించిరి; దానితో కూడ హొఫ్నీయు ఫీనెహాసును వచ్చిరి. ధర్మము విడిచిన చేతులు పవిత్రవస్తువును మోసికొని వచ్చినంత మాత్రమున జయము కలుగునని ఆ పాళెమంతయు భూమి దద్దరిల్లునట్లు కేకలు వేసెను. ఆ పోరున గ్రంథము చెప్పు లెక్క చొప్పున 30,000 మంది కాల్బలము హతమైనది, మందసము పట్టబడినది, ఏలీ కుమారులిద్దఱును చచ్చిరి.

బెన్యామీను గోత్రపువాడొకడు బట్టలు చినిగి, తలపై ధూళితో షిలోహునకు పరుగెత్తి వచ్చెను. 98 సంవత్సరముల ఏలీ చూపు లేని కన్నులతో త్రోవప్రక్క ఆసనముపై కూర్చుండి, మందసమునకై గుండె దడదడలాడుచు ఎదురుచూచుచుండెను. వార్తాహరుడు ఒక్కొక్క సంగతి చెప్పెను: సైన్యము పాఱిపోయినది, జనులు హతులైరి, నీ కుమారులిద్దఱును మృతులైరి. అంతవఱకు వృద్ధుడు తాళుకొనెను. మందసము పోయెనను మాట వినబడగానే ఆసనమునుండి వెల్లకిల పడి, స్థూలకాయుడగుటచే మెడ విఱిగి ప్రాణము విడిచెను. కుమారుల మరణముకంటె మందసపు నష్టమే ఆయనను కూల్చినది; అంతటి దైవభక్తి ఆయనకు నిజముగానే కలదు. ఆ భక్తి కుమారులు బ్రదికి యుండగా పనిచేసి యున్నచో మందసము ఆ యుద్ధభూమికి, వారి చేతులతో, పోయియుండునా? ఫీనెహాసు భార్య ఆ వార్తలు విని అకాలమున ప్రసవించి, మహిమ ఇశ్రాయేలును విడిచిపోయెనను భావముతో బిడ్డకు ఈకాబోదు అని పేరిడి కన్నుమూసెను. తండ్రి మృదుత్వమునకు మూల్యమును చెల్లించినవారు తండ్రి ఒక్కడే కాడు. తప్పేమియు చేయని ఆ యిల్లాలు, పుట్టగనే అనాథయైన ఆ శిశువు, ఎవరెవరి బిడ్డలో యైన వేలకొలది సైనికులు.

ఆ తీర్పు తరములను వెంటాడినది. ఏలీ వంశపు యాజకుడైన అహీమెలెకు కాలమున నోబు పట్టణమున సౌలు రాజు ఆజ్ఞపై అతని సేవకుడు దోయేగు 85 మంది యాజకులను వధించెను. తప్పించుకొనిన అహీమెలెకు కుమారుడు అబ్యాతారును తరువాత సొలొమోను రాజు యాజకత్వమునుండి తొలగించి అనాతోతునకు పంపివేయగా, సాదోకు అతని స్థానమున నిలిచెను. షిలోహునకు కలిగిన నాశనమును యిర్మీయా ప్రవక్త యెరూషలేము దేవాలయమునకే దృష్టాంతముగా చూపెను; ఆ యిర్మీయా అనాతోతు యాజకుల వంశమున పుట్టినవాడగుట గమనింపదగినది. నేడు ఖిర్బెత్ సైలూన్ అని పిలువబడు ఆ దిబ్బను 1926 మొదలు 1932 వఱకు డెన్మార్కు పండితులును, 1981 మొదలు 1984 వఱకు ఇశ్రాయేలు ఫింకెల్‌స్టెయిన్ బృందమును త్రవ్వి చూడగా, క్రీస్తు పూర్వము 11వ శతాబ్దపు నడుమ ఆ ఊరు అగ్నికి ఆహుతియైన జాడలు బయటపడినవి.

పదవి పిత్రార్జితమా?

ఇంతటితో కథ ముగిసినదనుకొనరాదు. ఏలీ యింటి పతనమును కన్నులార చూచి, ఆ తీర్పును స్వయముగా చెవులార విన్న సమూయేలు సైతము, తాను వృద్ధుడైన పిదప తన కుమారులైన యోవేలును అబీయాను బెయేర్షెబాలో న్యాయాధిపతులుగా నియమించెను. వారు లంచములు పుచ్చుకొని న్యాయమును త్రిప్పివేసిరి. జనులు విసిగి మాకు రాజు కావలెనని అడిగిరి. సమూయేలు నిష్కళంకుడు, అయినను ఇచ్చట తన గురువు త్రోవనే త్రొక్కెను. కావున లోపము ఒక్క ఏలీ స్వభావములోనిది కాదు. పెద్దఱికమును రక్తసంబంధముతో కలిపివేయు ఏర్పాటులోనే అది దాగి యున్నది. మోషే దీనిని ముందే గ్రహించెనేమో! ఆయనకు గెర్షోము, ఎలీయెజెరు అను కుమారులు కలరు. జనులను నడుపు భారమును వారికి గాక, నూను కుమారుడైన యెహోషువకు అప్పగించెను.

మన దేశమును ఈ పాఠమును నెమ్మదిగా నేర్చుకొన్నది. హోసూరు సమీపమున తొరపల్లిలో 1878లో జన్మించిన రాజాజీ తండ్రి చక్రవర్తి వేంకటార్య ఆ గ్రామపు మునసబు. ఆ కాలమున మద్రాసు ప్రెసిడెన్సీయందలి మునసబు, కరణముల పదవులు వంశపారంపర్యములు. 1895 నాటి చట్టము ఆ వారసత్వమును శాసనబద్ధము చేసెను. తెనాలి తాలూకాలోని ఒక మునసబు పదవిని గూర్చి పుట్టిన వ్యాజ్యమున, గాజుల దశరథ రామారావు కేసుగా పేరొందిన తీర్పులో, 1960లో సుప్రీంకోర్టు వంశమును బట్టి పదవి యిచ్చుట రాజ్యాంగవిరుద్ధమని చెప్పెను. తమిళనాట 1980లోను, ఆంధ్రప్రదేశమున 1984లోను ఆ పదవులే రద్దైనవి. ఆలయముల విషయమున, అర్చకుని నియామకమున వంశహక్కును తొలగించుచు తమిళనాడు 1970లో చేసిన చట్టమును, ఆగమ నియమములకు భంగము రారాదను షరతుతో, సుప్రీంకోర్టు 1972లో శేషమ్మాళ్ కేసున నిలబెట్టెను. తండ్రి చేసిన పనిని కుమారుడు చేయుట దోషము కాదు. సంగీతమైనను మంత్రమైనను తండ్రి ఒడిలో నేర్చినవాడు దానిని లోతుగా నేర్చును. తప్పిన కుమారుని తొలగింపలేని చోటనే దోషము పుట్టును.

చట్టముతో తీరనిది మనస్సులోనిది. సంఘపు ఖాతాలు తన అల్లుని చేత నుంచి లెక్క అడుగని పెద్దయు, తన తమ్ముడు చందా సొమ్ము వాడుకొన్నప్పుడు మన యింటి సంగతి బయట పెట్టవద్దను ధర్మకర్తయు, సేవకై వచ్చిన ఆడబిడ్డ మొఱపెట్టగా ఆలయపు పరువు పోవునని ఆమెనే ఊరకుండుమను గురువును, వీరందఱును ఏలీ ఆసనముపై కూర్చున్నవారే. నేటి ధర్మశాస్త్రము ఈ విషయమున స్పష్టముగా మాటాడుచున్నది. పిల్లలపై లైంగిక నేరములను గూర్చి 2012లో చేసిన పోక్సో చట్టము చొప్పున, అట్టి నేరము జరిగినదని ఎఱిగియు పోలీసులకు తెలుపకపోవుటయే శిక్షార్హమైన నేరము. మతసంస్థలకు చెందినవారే నేరము చేసినచో శిక్ష మఱింత తీవ్రము. కతోలిక సభలో 2019 మే మాసమున పోపు ఫ్రాన్సిస్ వెలువరించిన శాసనము, అట్టి నేరములు తమకు తెలిసినప్పుడు సభాధికారులకు తెలియజేయుటను గురువులకును మఠవాసులకును విధిగా చేసి, కప్పిపుచ్చిన మేత్రాణులను విచారించు పద్ధతిని ఏర్పఱచినది. ఎఱిగియు అడ్డగింపకపోవుట దోషమని షిలోహున బాలుడైన సమూయేలు విన్న మాట ఇప్పుడు రాజశాసనమై నిలిచినది.

కావున గుడికి, మసీదునకు, చర్చికి, పాఠశాలకు, ఊరి సంఘమునకు పెద్దలుగా నున్న ప్రతివారికిని ఈ వ్యాసము చేయు విన్నపము ఇది. మీ వారిపై ఫిర్యాదు వచ్చిననాడు ఆ విచారణలో మీరు కూర్చుండకుడు. మీకు బంధుత్వము లేనివారికి దానిని అప్పగింపుడు. ఆ విచారణ ముగియువఱకు మీ వానిని ఆ కొలువునుండి ప్రక్కకు నిలుపుడు. సొమ్ము లెక్కలను భక్తుల యెదుట ఏటేట చదివింపుడు. మొఱపెట్టినవారు పేదలైనను, స్త్రీలైనను, పిల్లలైనను వారి మాటను ముందుగా వినుడు. దోషము రుజువైనచో మందలించి ఊరకుండక, పదవినుండి తొలగింపుడు. నేరమైనచో చట్టమునకు అప్పగింపుడు. ఇట్లు చేసిన తండ్రి తన కుమారునకు శత్రువు కాడు. అతనిని మఱింత పాపమునుండి ఆపిన ఆప్తుడు. ఏలీ తన బిడ్డలను ప్రేమింపలేదని ఎవరును అనజాలరు. ఆయన ప్రేమకు లోపము లేదు. ఆ ప్రేమకు న్యాయము తోడు లేకపోయినది, అందుచేత అది ఆ బిడ్డలనైనను కాపాడలేకపోయినది.